మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింటే మళ్ళీ నడుస్తారో లేదో మొదటి రోజే చెప్పగలరా?

చెప్పలేరు. చెప్పేవాళ్ళని నమ్మకండి. నమ్మి రెండు రాత్రులు ఏడ్చినవాణ్ణి నేను.

మాది పర్లాకిమిడి. నాన్నకి అరవై దాటాయి. నూతి దగ్గర పాచి మీద జారి, గడ్డం గట్టుకి కొట్టుకుని మెడ వెనక్కి విరుచుకుపోయింది. ఎముక విరగలేదు. కాళ్ళు కాస్త కదిలాయి గానీ చేతులు అసలు లేవలేదు. మొదట తీసుకెళ్ళిన చోట ఎమ్మారై చూసి, మనిషిని ముట్టుకోకుండానే "ఇక మంచమేనండి" అనేశారు. దానికితోడు మా కార్డు ఒడిశాది, ఆసుపత్రి ఆంధ్రాది. ఏ కౌంటర్‌కి వెళ్ళినా పక్క కౌంటర్‌కి పొమ్మనేవారే. సరిహద్దులో పుట్టిన పాపం!

విశాఖకి మార్చాం. నాలుగో రోజు ఒక కుర్ర డాక్టర్ గుండుసూది పట్టుకొచ్చాడు. మెడ నుంచి పాదాల దాకా ఆనిస్తూ "మొనా, గుండా?" అని అడుగుతూ పోయాడు. చివరికి నాన్నని పక్కకి తిప్పి మలద్వారం చుట్టూ పొడిచాడు. తర్వాత గ్లవ్ వేసిన వేలు లోపల పెట్టి "బిగించండి తాతగారూ" అన్నాడు. నాన్న సిగ్గుతో కళ్ళు మూసుకుని, పళ్ళు కూడా బిగించి "ఇదేం వైద్యంరా!" అని తిట్టారు. అతను నవ్వేశాడు.

వెన్నుపాము అట్టడుగు నరాలు అక్కడికే వెళ్తాయట. అక్కడ తెలుస్తోందంటే దారి మొత్తం తెగలేదన్నమాట. మొదటి రోజుల్లో వెన్నుపాము షాక్‌లో ఉంటుంది కాబట్టి 72 గంటలు దాటాక చేసిన పరీక్షే నమ్మదగ్గదని చెప్పాడు. ఏడాదికి నడక వస్తుందా అని అంచనా కట్టే లెక్క ఒకటి 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. వయసు 65 లోపా పైనా, తొడ బలం, పిక్క బలం, మోకాలి దగ్గర స్పర్శ, మడమ దగ్గర స్పర్శ, అంతే. ఆ ఐదింటిలో స్కానింగ్ లేదు, గమనించండి! స్కానింగ్‌లో వెన్నుపాము లోపల రక్తస్రావం కనిపిస్తే కష్టమేనంటారు, అది వేరే సంగతి. అయినా మనిషిని ముట్టుకోని డాక్టర్ మాట నాకెక్కదు.

కాళ్ళకన్నా చేతులు ఎక్కువగా పడిపోయే ఇలాంటి దెబ్బలో ముందు కాళ్ళు, తర్వాత మూత్రం మీద పట్టు, అన్నిటికన్నా చివర వేళ్ళు తేరుకుంటాయని కూడా అతనే చెప్పాడు. అలాగే జరిగింది. ఐదో నెలలో నాన్న కర్ర సాయంతో వీధి చివర టీ కొట్టు దాకా నడిచారు. గ్లాసుని రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగారు.

మీరు నడక గురించి అడిగారు. నాన్ననడిగితే వేళ్ళ సంగతి అడగమంటారు. రెండేళ్ళయింది, చొక్కా గుండీలు ఇంకా అమ్మే పెడుతోంది.