పొలం దగ్గరే అమ్మకం, పొలానికే అతిథులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: కూరగాయల్ని టోకు వ్యాపారికి ఇవ్వడం మానేసి పొలం దగ్గరే చిల్లరగా అమ్మాలనుకుంటున్నాం. దళారీ వాటా మొత్తం మాకే మిగులుతుందా?

జవాబు: మిగలదు. ఆ వాటాలో లాభం కొంతే. మిగతాదంతా ఏరడం, తూచడం, సర్దడం, కొనేవాళ్ళ కోసం కూర్చోవడం, అమ్ముడుపోని సరుకు నష్టం భరించడం వంటి పనుల ఖర్చు. ఇకమీదట ఆ పనులన్నీ మీవే. ఒక లెక్క చూడండి. 100 కిలోలు కోస్తే ఏరివేతలో 10 కిలోలు పోయాయి, సాయంత్రానికి 15 కిలోలు మిగిలిపోయాయి. డబ్బు వచ్చింది 75 కిలోలకే. అంటే టోకు ధర మీద మూడో వంతు ఎక్కువకు అమ్మితే, టోకుగా 100 కిలోలూ ఇచ్చినప్పటి రాబడికి సమానమవుతుంది. సంచులకు, కరెంటుకు, అమ్మే మనిషికి ఇంకా ఏమీ రానట్టే. అమ్మేది ఇంటివాళ్ళే కదా అని ఆ కూలిని లెక్కలోకి తీసుకోకపోవడంతోనే చాలా కుటుంబాలు దెబ్బతింటాయి. బయటి మనిషిని పెడితే ఎంత ఇవ్వాలో అంతా ఖర్చు కింద రాయండి. ఆ తర్వాత మిగిలినదే లాభం.

తరుగు తగ్గాలంటే ముందస్తు చందా మంచి పద్ధతి. సీజన్‌కు సరిపడా డబ్బు ముందే కట్టినవాళ్ళకు వారానికో పెట్టె ఇస్తారు. ఎన్ని పెట్టెలో తెలుసు కాబట్టి అంతే కోస్తారు. మొదటి సీజన్‌లో పంట ఎన్ని పెట్టెలకు సరిపోతుందని అనుకుంటున్నారో అందులో సగమే ఒప్పుకోండి. విత్తనం అంతా ఒకేసారి చల్లకండి. పది పదిహేను రోజుల ఎడంతో వేయండి. లేకపోతే ఒక వారం పెట్టె నిండా ఒకే కూర, మరో వారం అసలు ఏమీ ఉండదు.

ప్రశ్న: తెల్లారి కోసిన ఆకుకూరలు పదింటికే వాడిపోతున్నాయి. ఫ్రిజ్ కొన్నాం. ఇప్పుడు టమాటాలకు రుచి లేదంటున్నారు.

జవాబు: రెండూ వేర్వేరు తప్పులు. ఆకు కోశాక కూడా శ్వాసిస్తూనే ఉంటుంది. వేడిగా ఉన్నంతసేపూ నీరు, చక్కెర ఖర్చు చేసుకుంటుంది. అందుకే ఎండ పడకముందే కోయాలి, కోసిన వెంటనే నీడకు చేర్చాలి. తాగడానికి పనికొచ్చే చల్లని నీళ్ళలో ముంచి, వార్చి, 0 నుంచి 2 డిగ్రీల దగ్గర తేమ పోకుండా ఉంచాలి. గట్టు మీద ఒక గంట వదిలేసిన కట్టకు తర్వాత ఎంత చల్లని గది ఇచ్చినా ఆ గంట తిరిగి రాదు.

పూర్తిగా పండని టమాటాలను 12 డిగ్రీల కన్నా చల్లగా ఉంచితే రంగూ రుచీ సరిగా రావు. దోస, వంకాయ కూడా 10 డిగ్రీల కింద మచ్చలు పడి మెత్తబడతాయి. వీటికి నీడగా, గాలాడే గది చాలు. పైగా పండే టమాటాలు ఇథిలీన్ వాయువును వదులుతాయి. అదే ఫ్రిజ్‌లో ఆకుకూరలుంటే త్వరగా పసుపెక్కుతాయి. ఇంకో జాగ్రత్త: ఎండలో వేడెక్కిన టమాటాను చల్లని నీళ్ళలో ముంచితే కాయలోని గాలి కుంచించుకుపోయి, తొడిమ ఊడిన చోటు నుంచి నీటిని లోపలికి లాగుతుంది. నీళ్ళలో క్రిములుంటే అవీ లోపలికి వెళతాయి, పైన కడిగినా పోవు. కాయను ముందు నీడలో చల్లారనిచ్చి, దానికన్నా ఐదారు డిగ్రీలు వెచ్చని నీళ్ళతో కడగండి.

ప్రశ్న: బడిపిల్లల్ని పొలానికి రమ్మంటున్నాం. ఆవులు, మేకలు ఉన్నాయి. అన్నీ ఆరోగ్యంగానే ఉన్నాయి. చేతులకు శానిటైజర్ పెడితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఈ కాలమ్‌కు వచ్చిన ప్రశ్నలన్నిటిలో మేము గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. నెమరువేసే పశువుల పేగుల్లో ఈ-కోలి ఓ157 అనే క్రిమి ఉండొచ్చు. పశువుకు ఏ జబ్బూ కనిపించదు. చాలా కొద్ది మోతాదు నోట్లోకి వెళ్ళినా పిల్లలకు రక్తవిరేచనాలు వస్తాయి, కొందరికి మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఐదేళ్ళలోపువారికి ముప్పు మరీ ఎక్కువ. 2009లో ఇంగ్లండ్‌లోని సర్రే ప్రాంతంలో ఒక ఫారం నుంచి 93 మందికి ఇది సోకింది, అందులో ఎక్కువమంది పిల్లలే.

చేతికి పేడ, మట్టి అంటుకుని ఉంటే శానిటైజర్ పనిచేయదు. సబ్బు, పారే నీళ్ళు, కనీసం 20 సెకన్ల రుద్దడం కావాలి. కుళాయిలు ఎన్ని ఉండాలో కూడా లెక్కవేసుకోండి. 40 మంది పిల్లలు, తడుపుకుని రుద్దుకుని తుడుచుకునేసరికి ఒక్కొక్కరికి 40 సెకన్లు. రెండు కుళాయిలుంటే 13 నిమిషాలకు పైగా పడుతుంది. అంతసేపు ఏ పిల్లలూ వరసలో నిలబడరు, కడుక్కోకుండానే జారుకుంటారు. నాలుగుంటే ఏడు నిమిషాల్లోపే అయిపోతుంది. కుళాయిలు పిల్లల ఎత్తుకు ఉండాలి.

దారి కూడా ముఖ్యం. పశువుల దగ్గర నుంచి బయటికొచ్చే ఒకే ఒక్క దారి కుళాయిల మీదుగా సాగాలి, తినే చోటు ఆ తర్వాతే రావాలి. పశువుల దగ్గరికి తినుబండారాలు, నీళ్ళ సీసాలు, పాలపీకలు తీసుకెళ్ళనివ్వకండి. పచ్చిపాలు రుచి చూపించవద్దు. పాలను 63 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు గానీ, 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు గానీ ఉంచి, వెంటనే చల్లార్చి ఇవ్వండి. గొర్రెలు, మేకలు ఈనే కాలంలో గర్భిణులను దొడ్డి వైపు రానివ్వకండి. అప్పుడు సోకే కొన్ని జబ్బుల వల్ల గర్భస్రావమయ్యే ప్రమాదముంది.

ప్రశ్న: వెల్లుల్లిని, కూరగాయ ముక్కల్ని నూనెలో వేసి సీసాల్లో అమ్మాలని ఉంది. నూనె పోస్తే పాడవదు కదా?

జవాబు: నూనె గాలిని ఆపుతుంది. ముప్పు అక్కడే ఉంది. మట్టి నుంచి వచ్చే బొటులినం అనే బ్యాక్టీరియా బీజాలు గాలి లేని చోటే మొలకెత్తి విషం తయారుచేస్తాయి. సీసా తెరిస్తే వాసన తేడా లేకపోవచ్చు. 100 డిగ్రీల మరుగుతో ఆ బీజాలు చావవు, ప్రెషర్ కింద 121 డిగ్రీలు కావాలి. ఇంటి వంటగదిలో నమ్మదగ్గ అడ్డుకట్ట పులుపు. దాన్ని కొలిచే అంకె పీహెచ్, అది ఎంత తక్కువైతే పులుపు అంత ఎక్కువ. పీహెచ్ 4.6 దాటకూడదు. మీరు 4.2 లోపు పెట్టుకుంటే కొలతలో చిన్న తేడా వచ్చినా ఇబ్బంది ఉండదు.

కొలిచే తీరు ముఖ్యం. ముక్కల్ని వెనిగర్‌లో నానబెట్టి, పులుపు మధ్యదాకా దిగాక, ముక్కనే మెత్తగా రుబ్బి కొలవండి. పైన తేలే ద్రవం 3.5 చూపిస్తున్నప్పుడు ముక్క నడుమ ఇంకా 5 ఉండొచ్చు. పీహెచ్ మీటర్‌ను, పీహెచ్ 4, 7 అని ముందే తెలిసిన బఫర్ ద్రావణాలతో ప్రతిసారీ సరిచూసుకోండి, రంగు కాగితాలను నమ్ముకోవద్దు. ప్రతి విడతకూ తేదీ, పీహెచ్ రాసిపెట్టండి. ఏదైనా సీసా మీద ఫిర్యాదు వస్తే ఏ విడత సరుకు వెనక్కి తీసుకోవాలో వెంటనే తెలుస్తుంది.

ప్రశ్న: సందర్శకులే పండ్లు కోసుకునే పద్ధతి పెట్టవచ్చా?

జవాబు: పెట్టవచ్చు. చెట్లు పొట్టివై ఉండాలి, నిచ్చెన అవసరం రాకూడదు. తోట మొత్తం తెరవకండి. రోజుకు కొన్ని సాళ్ళు మాత్రమే తాళ్ళు కట్టి తెరవండి. బుట్టలు లోతు తక్కువవి ఇస్తే అడుగు పండ్లు నలగవు. మందు కొట్టాక లేబుల్ మీద రెండు గడువులు ఉంటాయి: తోటలోకి మనిషి వెళ్ళడానికి ఒకటి, కోతకు ఒకటి. రెండింటిలో పొడవైనది ముగిసేదాకా ఆ సాళ్ళు మూసే ఉంచండి. కోస్తూ కోస్తూ అక్కడే తినేస్తారు, అది ఆపలేరు. ప్రవేశ రుసుములోనే కలిపేయండి.

ప్రశ్న: రెండు గదులు అద్దెకిస్తున్నాం. అతిథులు సంతోషంగానే వెళుతున్నారు గానీ కలుపు, నీటి తడి వెనకబడుతున్నాయి.

జవాబు: ఇటలీలో అగ్రిటూరిజానికి, అంటే రైతులు పొలంలోనే అతిథులకు బస ఇచ్చే పద్ధతికి, 1985లోనే చట్టం వచ్చింది, 2006లో కొత్తది వచ్చింది. వ్యవసాయమే ప్రధానంగా ఉండాలనేది అందులో షరతు. దాన్ని తేల్చడానికి ముఖ్యంగా చూసేది దేనికెంత పనిసమయం పోతోందన్నదే. మీరూ అదే చేయండి. ఒక నెల పాటు పొలం గంటలు, అతిథుల గంటలు విడివిడిగా రాయండి. విత్తే వారాల్లో, ముమ్మరమైన కోతల్లో గదులు మూసేయండి, ఆ తేదీలు ఏడాది మొదట్లోనే ప్రకటించండి. రాకపోకలకు వారంలో రెండు రోజులే కేటాయిస్తే దుప్పట్లు మార్చడం, గదులు కడగడం ఆ రోజులకే పరిమితమవుతాయి.

గది ఇచ్చే ముందు ఒకసారి పొలమంతా పిల్లవాడి ఎత్తు నుంచి చూడండి. పేడగుంటను కలిపినప్పుడు వెలువడే హైడ్రోజన్ సల్ఫైడ్ మనిషిని క్షణాల్లో పడేస్తుంది కాబట్టి అతిథులున్న రోజు దాన్ని కలపవద్దు, కంచె, తాళం తప్పనిసరి. ట్రాక్టర్ తాళంచెవి బండికే వదిలేయకండి. బీమా పత్రంలో సందర్శకులకు జరిగే ప్రమాదం, మీరు అమ్మిన ఆహారం వల్ల కలిగే హాని రెండూ విడిగా రాసి ఉన్నాయో లేదో అడగండి. మామూలు పొలం బీమాలో ఇవి చాలాసార్లు ఉండవు.