గ్యాస్ పొయ్యి తీసివేయాలనుకుంటున్న మాధవికి

హనుమకొండ

చిరంజీవి సౌభాగ్యవతి మాధవికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇంట్లో గ్యాస్‌ను పూర్తిగా తీసివేసి వంటా, నీళ్లు కాచుకోవడమూ కరెంటు మీదికి మార్చుకోవాలని ఉందనీ, దానివల్ల బాబు ఆయాసానికి కొంత ఉపశమనమూ వాతావరణానికి కొంత మేలూ కలుగుతాయని ఆశపడుతున్నావనీ, ముందుగా ఏ ఇండక్షన్ స్టవ్ కొనాలో చెప్పమనీ అడిగావు. నాలుగేళ్ల క్రితం ఈ పని నేను చేశాను, ముప్పై ఏళ్లు జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పాను కూడా, కాబట్టి నన్ను అడగడం సబబే. అయితే నేను స్టవ్‌తో మొదలుపెట్టి పొరపాటు చేశాను. నీవు స్టవ్‌ను అన్నిటికన్నా ఆఖరున కొను. మీ స్నానాల గదిలో ఉన్న గ్యాస్ గీజర్‌ను మాత్రం ఈ వారమే తీయించు.

వంటగదిలో మంట వెలుగుతున్నప్పుడు కిటికీ తెరిచి ఉంటుంది, ఎవరో ఒకరు అటూ ఇటూ తిరుగుతూ ఉంటారు. స్నానాల గదిలో అలా కాదు. చలికాలం రాగానే వెంటిలేటర్‌కు అట్టముక్క అడ్డం పెడతాము, గడియ వేసుకుంటాము, ఆ ఇరుకు గదిలోని గాలినే మనమూ పీలుస్తాము, గీజర్ మంటా పీలుస్తుంది. గాలి చాలనప్పుడు గ్యాస్ సగం సగంగా మండి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. సిలిండర్ గ్యాస్ లీకైతే తెలియడానికి అందులో మెర్కాప్టన్ అనే ఘాటైన పదార్థం కలుపుతారు గాని, ఈ వాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునేదాని కంటే 200 రెట్లకు పైగా బలంగా దీనిని పట్టుకుంటుంది కాబట్టి, తల తిరుగుతోందని మనకు తోచేసరికి లేచి గడియ తీసే ఓపిక కూడా మిగలదు. మా వీధిలో డిగ్రీ చదువుకుంటున్న ఒక అమ్మాయిని ఒక జనవరి ఉదయం తలుపు పగలగొట్టి బయటికి తీసుకువచ్చారు. వాళ్ల అమ్మ రెండుసార్లు పిలిచి, పలకకపోతే అనుమానపడింది కాబట్టి ఆ పిల్ల బతికింది. కొత్తది బిగించేదాకా, తలుపు తెరిచి ఉంచి బకెట్ నింపుకోండి, గీజర్ ఆపి కాసేపు గాలి ఆడనివ్వండి, ఆ తరువాతే గడియ వేసుకోండి.

దాని బదులు 15 లీటర్ల మామూలు నిల్వ గీజర్ మీకు సరిపోతుంది. అది 2 కిలోవాట్లు తీసుకుంటుంది. 15 లీటర్ల నీటిని 30 డిగ్రీలు వేడెక్కించడానికి సుమారు అర యూనిట్ కరెంటు చాలు, అంటే మనిషికొక బకెట్ చొప్పున నలుగురికి రోజుకు రెండు యూనిట్ల పైన కొంచెం. మీది బోరు నీరు కాబట్టి లోపలి కాయిల్ మీద సున్నం పేరుకుంటుంది, ఏడాదికొకసారి విప్పించి శుభ్రం చేయించు. హీట్ పంప్ గీజర్ గురించి కూడా అడిగావు. అది ఫ్రిజ్ చేసే పనినే తిరగవేసి, బయటి గాలిలోని వేడిని నీటిలోకి తోడుతుంది కాబట్టి ఒక యూనిట్ కరెంటుతో ఇంచుమించు మూడు యూనిట్ల వేడిని ఇస్తుంది, మన ఎండల దేశానికి బాగా నప్పే యంత్రం. కాని ధర ఎక్కువ, వేడినీళ్లు మీకు కావలసింది నాలుగు నెలలే. నేనైతే ఆ డబ్బును డాబా మీద పెడతాను, ఎందుకో కింద చెబుతాను.

రెండవది వైరింగ్. నేను తెచ్చిన ఇండక్షన్ స్టవ్‌ను మిక్సీ పెట్టుకునే 6 ఆంపియర్ల సాకెట్‌కు అడాప్టర్ తగిలించి వాడాను. పెట్టవచ్చునని ఎలక్ట్రీషియన్ అన్నాడు, ఇన్నేళ్లు ఓమ్ సూత్రం బోధించిన నేను నమ్మాను. మూడవ వారం పప్పు ఉడుకుతుండగా ప్లాస్టిక్ కాలిన కంపు వచ్చి, చూస్తే సాకెట్ గోధుమరంగుకు మారి కరగడానికి సిద్ధంగా ఉంది. 2000 వాట్ల స్టవ్ 230 వోల్టుల వద్ద దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, అదీ అరగంట, గంట ఏకధాటిగా. దానికి 16 ఆంపియర్ల సాకెట్ కావాలి, మెయిన్ బోర్డు నుంచి వేరే లైను కావాలి. మీరు రెండు పొయ్యిల హాబ్ బిగించుకునే ఉద్దేశంలో ఉంటే 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేయించి, దానికి విడిగా ఎంసీబీ, అంటే లోడ్ మించితే కరెంటును తనంతట తానే ఆపే స్విచ్, పెట్టించు. ఎర్తింగ్‌ను పరీక్షించకుండా ఈ పని ఏదీ మొదలుపెట్టవద్దు. నీళ్లూ కరెంటూ కలిసే చోట్లు ఇవి, కాబట్టి కరెంటు లీకైన వెంటనే సరఫరా ఆపివేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. అలాగే నీ కరెంటు బిల్లులో మంజూరైన లోడ్ ఎంతో చూడు. పాత ఇళ్లకు అది ఒకటి రెండు కిలోవాట్లే ఉంటుంది. గీజరూ, స్టవ్వూ, ఏసీ ఒకేసారి నడిస్తే ఐదు దాటుతుంది. లోడ్ పెంచమని ముందే దరఖాస్తు చేసి రుసుము కట్టడం మర్యాదే కాదు, మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కు క్షేమం కూడా.

ఇక వంట. గ్యాస్ మంట వేడికి గాలిలోని నైట్రోజనూ ఆక్సిజనూ కలిసి నైట్రోజన్ డయాక్సైడ్ ఏర్పడుతుంది. గ్యాస్ ఎంత శుభ్రంగా మండినా ఇది తప్పదు, నీలిమంట చూసి నిశ్చింతగా ఉండడానికి వీలులేదు. అది ఊపిరి గొట్టాలను రేపుతుంది, ఆస్తమా ఉన్న పిల్లలకు మరీ చెరుపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనపు మీటరు గాలిలో దీని వార్షిక సగటు 40 మైక్రోగ్రాములు మించరాదని చెబుతూ వచ్చి, 2021లో ఆ హద్దును 10కి దించింది. కాబట్టి బాబు కోసం స్టవ్ మార్చాలన్న నీ ఆలోచనలో పస ఉంది. అయితే మిరపకాయల పోపు పొగ, నూనె మరిగిన పొగ ఏ పొయ్యి మీదైనా వస్తాయి, కాబట్టి చిమ్నీని తీసివేయవద్దు. మీ చిమ్నీ గొట్టం గోడ దాటి బయటికి వెళ్తున్నదా, లేక అదే గాలిని జల్లెడపట్టి మళ్లీ గదిలోకే వదులుతున్నదా అన్నది చూసుకో. రెండవ రకమైతే దానికన్నా వెయ్యి రూపాయల ఎగ్జాస్ట్ ఫ్యాన్ మేలు. ఇంకొక మాట, కోపగించుకోకు: పోయినసారి వచ్చినప్పుడు సాయంత్రం కాగానే బాబు మంచం కింద దోమల కాయిల్ వెలిగించావు. వంటింట్లో మంట ఆర్పి పడకగదిలో అది వెలిగిస్తే ఈ ఖర్చంతా దండుగ. డాక్టరు రాసిన ఇన్‌హేలర్‌ను కూడా ఆయన చెప్పనిదే మానకూడదు.

గిన్నెల విషయంలో చాలామంది నిరాశపడతారు. ఇండక్షన్ స్టవ్‌లో మంట ఉండదు. అయస్కాంత క్షేత్రం గిన్నె అడుగులో విద్యుత్ ప్రవాహాన్ని పుట్టించి గిన్నెనే వేడెక్కిస్తుంది. కాబట్టి ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతాన్ని తీసుకొని ఒక్కొక్క గిన్నె అడుగున ఆనించి చూడు, గట్టిగా అతుక్కున్నవి పనికివస్తాయి. అల్యూమినియం, ఇత్తడి, రాగి పనికిరావు. స్టీలువైనా అన్నీ అతుక్కోవు. ఇనప పెనం, ఇనప మూకుడు దివ్యంగా పనిచేస్తాయి, వాటిని కొత్తగా కొననక్కరలేదు. కుక్కర్ ఒకటి ఇండక్షన్ అడుగు ఉన్నది తీసుకో. పోపు గరిటె అడుగు మరీ చిన్నది కావడంతో స్టవ్ దానిని గుర్తించదు, అందుకని పోపు చిన్న ఇనప మూకుడులో పెట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. దోసెల పెనం మధ్యలో కాలి అంచులు తెల్లగా మిగులుతాయి. కాయిల్ వెడల్పు పెనం కన్నా తక్కువ కావడం దానికి కారణం. తక్కువ వేడి మీద రెండు నిమిషాలు ఎక్కువ కాయనిస్తే కొంత సర్దుకుంటుంది. చవక స్టవ్‌లు సన్నసెగ కావాలంటే పూర్తి సెగను ఆపుతూ వెలిగిస్తూ ఉంటాయి, వాటి మీద పాయసం అడుగంటుతుంది. దుకాణంలోనే నీళ్లు పెట్టించి, సెగ తగ్గించి, బుడగలు నిలకడగా వస్తున్నాయో ఆగి ఆగి వస్తున్నాయో చూసి కొను. పాల విషయంలో మాత్రం నీకు సుఖం, మీట నొక్కిన క్షణాన పొంగు దిగిపోతుంది. పచ్చడికి వంకాయ కాల్చడం, పుల్కాను మంట మీద పొంగించడం దీనితో కావు. ఏ గిన్నెనైనా ఒప్పుకునే ఇన్‌ఫ్రారెడ్ స్టవ్‌లు కూడా అమ్ముతున్నారు. అవి గాజు పలకను వేడెక్కించి దాని ద్వారా గిన్నెను వేడెక్కిస్తాయి కాబట్టి కరెంటు ఎక్కువ తింటాయి, ఆపినా చాలాసేపు కాలుతూనే ఉంటాయి. పసివాడున్న ఇంటికి వద్దంటాను. మీ అత్తగారికి పేస్‌మేకర్ అమర్చారు కదా, ఆవిడను ఇండక్షన్ దగ్గర నిలబెట్టేముందు గుండె డాక్టరును ఒక మాట అడగండి. సాధారణంగా రెండడుగుల ఎడం పాటించమంటారు.

బిల్లు సంగతి. 14.2 కిలోల సిలిండర్‌లో సుమారు 180 యూనిట్ల వేడి ఉంటుంది, మామూలు పొయ్యి మీద అందులో 60 శాతం మాత్రమే గిన్నెకు అందుతుంది. ఇండక్షన్‌లో 85 శాతం అందుతుంది కాబట్టి ఒక సిలిండర్ వంటకు దాదాపు 130 యూనిట్లు పడతాయి. మీకు సిలిండర్ నెలన్నర వస్తుందన్నావు, అంటే నెలకు 85 యూనిట్లు అదనం. మీ వాడకం ఇప్పటికే 230 దగ్గర ఉంది. నా దగ్గరున్న బిల్లు ప్రకారం 200 దాటాక యూనిట్ 7 రూపాయల 70 పైసలు, 300 దాటాక 9 రూపాయలు, కాబట్టి దగ్గరదగ్గర 675 రూపాయలు పెరుగుతుంది. సిలిండర్ ధరలో మూడింట రెండు వంతులతో దీనిని పోల్చుకుంటే ఆదా అని చెప్పుకోదగ్గది ఏమీ కనిపించదు. మీ కింది వాటాలో అద్దెకున్నవాళ్లను మాత్రం నీ ఉత్సాహంతో తొందరపెట్టకు. వాళ్లకు గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వస్తోంది, ఇండక్షన్ పెట్టి ఆ గీత దాటితే నష్టపోయేది వాళ్లే.

వాతావరణం గురించి నీకు ఇష్టంలేని లెక్క ఒకటి చెప్పాలి. ఒక సిలిండర్ కాల్చితే సుమారు 43 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. మన దేశంలో కరెంటులో ఎక్కువ భాగం ఇప్పటికీ బొగ్గుదే, సగటున యూనిట్‌కు 700 గ్రాముల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ లెక్కకు వస్తుంది. 130 యూనిట్లకు అది 90 కిలోలు దాటుతుంది. అంటే గ్రిడ్ నుంచి, అనగా వీధి తీగల ద్వారా, వచ్చే కరెంటుతో వండితే ఈ రోజుకు మన ఇంటి వాటా తగ్గకపోగా రెట్టింపవుతుంది. అమెరికాలో ఉన్న మీ అన్నయ్య గ్యాస్ తీసివేసి సాధించిన లాభాన్ని ఇక్కడికి అలాగే తెచ్చి అంటించుకోలేము. గ్రిడ్‌లో సౌర, పవన విద్యుత్తు పెరిగేకొద్దీ ఈ లెక్క మారుతుంది, నీ డాబా మీద సౌర పలకలు పెడితే నీకు ఇప్పుడే మారుతుంది. హీట్ పంప్ డబ్బు అక్కడ పెట్టమన్నది ఇందుకే. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద ఒక కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు గాని ఆపైన గాని అయితే 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తున్నారు. మూడు కిలోవాట్లకు 300 చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి, రోజుకు 12 యూనిట్ల వరకు వస్తుంది, నీ వంటా గీజరూ పోను ఇంకా మిగులుతుంది. వాటర్ ట్యాంక్ నీడ పలకల మీద పడకుండా చూసుకో. పప్పు, కూర, మరునాటి పిండివంట ఏదైనా ఎండ ఉన్నప్పుడే వండుకొని, గీజర్‌ను కూడా వీలైతే మధ్యాహ్నం వేసుకుంటే మీటర్ లెక్కకే కాక నిజంగానే ఎండతో వండినట్లు అవుతుంది.

గ్యాస్ కనెక్షన్‌ను ఒప్పజెప్పవద్దు. రెండు సిలిండర్లుంటే ఒకటి వెనక్కి ఇచ్చి, ఒక్క పొయ్యి మాత్రం ఉంచుకో. వానాకాలంలో కరెంటు పోతే మీ ఇన్వర్టర్ ఫ్యాన్లనూ లైట్లనూ నడుపుతుంది గాని 2000 వాట్ల స్టవ్‌ను మోయలేదు. నేను నాలుగేళ్లుగా అలాగే ఉంచుకున్నాను, నాకు ఇప్పుడు సిలిండర్ పది నెలలు వస్తోంది. వాడనప్పుడు రెగ్యులేటర్ ఆపివేయడం, రబ్బరు గొట్టం తేదీ చూసి మార్చడం మరవకు.

బిల్లు మీద ఉన్న లోడ్ అంకెనూ, డాబా కొలతలనూ నాకు రాసి పంపు. అయస్కాంతం అంటలేదని అమ్మమ్మ ఇత్తడి గిన్నెను పాతసామానుల వాడికి వేసేవు సుమా. ఆ ఒక్క గ్యాస్ పొయ్యి మీద సంక్రాంతికి నేనే వచ్చి అందులో పరమాన్నం వండుతాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ