గెలాక్సీల గుంపులతో మాత్రమే సిగ్మా-8 ఎందుకు తేలదు?

గెలాక్సీల సహసంబంధం, అంటే అవి ఎంతగా గుమిగూడాయో చెప్పే కొలత, నుంచి 2.56 అనే విలువ వచ్చిందనీ, దానికి సిగ్మా-8 (విశ్వంలో మొత్తం పదార్థం ఎంతగా గుమిగూడిందో చెప్పే సంఖ్య) ఒకసారి 0.8గా, మరోసారి 1.0గా సరిపోతోందనీ మీరు రాశారు. మీ లెక్కలో తప్పు లేదు; ఆ కొలతకు అంతకు మించి చెప్పే శక్తి లేదు.

రాత్రిపూట నల్లగొండ లతీఫ్ సాహెబ్ గుట్ట మీద నిలబడితే దీపాలు ఎక్కడ గుమిగూడాయో కనిపిస్తుంది గానీ, చీకట్లో ఉన్న నేల ఎంతో తెలియదు. గెలాక్సీలూ అలాంటి దీపాలే. అవి పదార్థం కంటే ఎంత ఎక్కువగా గుమిగూడతాయో చెప్పే గుణకమే బయాస్. మీ 2.56 అనేది బయాస్ వర్గాన్ని సిగ్మా-8 వర్గంతో గుణించగా వచ్చినది కనుక, బయాస్ 2 అయితే సిగ్మా-8 0.8 అవుతుంది, బయాస్ 1.6 అయితే 1.0 అవుతుంది.

ఇక్కడే గురుత్వ లెన్సింగ్ అక్కరకు వస్తుంది. ముందున్న గెలాక్సీల చుట్టూ ఉన్న మొత్తం పదార్థం, కృష్ణపదార్థంతో సహా, వెనుకనున్న గెలాక్సీల ఆకారాలను ఒక శాతం లోపే సాగదీస్తుంది. ఆ సంకేతంలో బయాస్ ఒక్కసారే వస్తుంది, అంటే అది బయాస్‌ను సిగ్మా-8 వర్గంతో గుణించినది. అది 1.28 అని తేలితే, 2.56ను దానితో భాగించండి: బయాస్ 2, సిగ్మా-8 0.8. అదే 1.6 వస్తే రెండో జవాబు నిజమవుతుంది.

అయితే లెన్సింగ్ బలం పదార్థ సాంద్రత మీద కూడా ఆధారపడుతుంది కాబట్టి, ఆకారాల మధ్య సహసంబంధాన్ని మూడో కొలతగా చేర్చి, సిగ్మా-8నూ పదార్థ సాంద్రతనూ కలిపిన ఎస్-8 అనే సంఖ్యను చెప్పడం వాడుక. గెలాక్సీలను పరిశీలించిన డార్క్ ఎనర్జీ సర్వే మూడేళ్ల డేటాతో 2021లో ఇలాగే ఎస్-8 0.776 వచ్చింది, విశ్వపు తొలి కాంతిని కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం 2018 ఫలితం సుమారు 0.83. మీరు మాత్రం కొన్ని మెగాపార్సెక్‌ల (ఒక్కోటి సుమారు 32.6 లక్షల కాంతి సంవత్సరాలు) లోపు దూరాల కొలతలను ముందే తీసేయండి, ఎందుకంటే అక్కడ బయాస్ స్థిరంగా ఉండదు.