ఓడ ఎక్కేముందు రోజున్నర, పదకొండు చోట్లు, పదమూడేళ్ల పాప

కడప నుంచి ఒక తల్లి రాశారు: "సంక్రాంతి సెలవుల్లో ముంబై నుంచి గోవాకు క్రూయిజ్ బుక్ చేసుకున్నాం. ముందురోజు పొద్దున ముంబైలో దిగుతాం. మరుసటి రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు ఓడ దగ్గరుండాలి. మావారు ఆ రోజున్నరలో చూడాల్సినవని పదకొండు చోట్లు రాసిపెట్టారు. మా పాపకు పదమూడేళ్లు. ఆ కాగితం చూసి 'మీరు పోండి, నేను అవ్వ దగ్గరుంటా' అంటోంది. ఇంత ఖర్చు పెడుతుంటే ఇదేం పొగరని ఆయన కోపం. మధ్యలో నేను నలిగిపోతున్నా. ఏం చేసేది?"

అమ్మా, మీరు రాసినదాంట్లో పొగరు నాకు కనబడలేదు. పదకొండు చోట్లలో పాప అడిగింది ఒక్కటైనా ఉందా? ఈ వయసు పిల్లలకు ఎక్కడికి పోతున్నామన్నది తర్వాతి సంగతి. ఎవరు తీర్మానించారన్నదే వాళ్లకు ముఖ్యం. అన్నీ పెద్దవాళ్లే తేల్చేస్తే వాళ్ల చేతిలో మిగిలేది 'రాను' అనే మాటొక్కటే.

దానికన్నా ముందు ఒక పని చేయండి. ఆయన లేనప్పుడు, ఏ జడ వేసేటప్పుడో, ఆ తేదీల్లో నెలసరి వస్తుందేమోనని భయమా అని అడగండి. కొత్తగా మొదలైన పిల్లలు రైల్లో, ఓడలో, ఈతకొలను దగ్గర ఇబ్బంది పడతామని ప్రయాణమే మానుకుంటారు, కారణం మాత్రం నోరు విప్పి చెప్పరు. అదే అయితే ప్యాడ్లు, రెండు ముదురురంగు ప్యాంట్లు, వాడినవి చుట్టి పడేయడానికి పాత పేపర్లు వేరే సంచిలో పెట్టి, ఆ సంచి పాప చేతికే ఇవ్వండి. పండగలకు వేసుకున్నట్టు వాయిదా మాత్రలు మాత్రం డాక్టరును అడక్కుండా ఈ వయసులో వేయొద్దు.

ఇక ఆ కాగితం. రాత్రంతా రైల్లో సరిగా నిద్రపోని పిల్లను ఎనిమిదింటికే గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర నిలబెడితే పదకొండింటికల్లా గొడవ ఖాయం. యుక్తవయసులో నిద్ర రాత్రి ఆలస్యంగా వస్తుంది, పొద్దున ఆలస్యంగా వదులుతుంది. అది సోమరితనం కాదు, శరీరం తీరే అంత. దిగగానే స్నానం, టిఫిను, రెండు గంటల పడక. పదకొండున్నరకు బయటపడితే చాలు. గది ముందే దొరుకుతుందా అని హోటలుకు ఫోన్ చేసి కనుక్కోండి. చాలాచోట్ల మధ్యాహ్నం దాకా ఇవ్వరు.

పదకొండులో మూడు ఉంచుకోండి. ఎలిఫెంటా గుహల పేరు ఉండే ఉంటుంది. గేట్‌వే దగ్గర్నుంచి పడవలో పోను గంట, రాను గంట, ఆపైన కొండకు మెట్లు. కనీసం సగం రోజు పడుతుంది, సోమవారం మూసేస్తారు. మర్నాడు ఎటూ ఓడే ఎక్కుతున్నారు కాబట్టి దీన్ని నేనైతే కొట్టేస్తాను. ఓడ ఎక్కే రోజు మాత్రం ఆ పడవ జోలికి అసలు పోవద్దు. ఆయనకు నచ్చేవి దగ్గర్లోనే ఉన్నాయి: సీఎస్‌ఎంటీ (ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినస్) రైల్వే స్టేషన్ భవనం, 1924లో పూర్తయిన గేట్‌వే, ఆ దగ్గరి మ్యూజియం. 1853లో ఠాణేకు మన దేశపు తొలి ప్రయాణికుల రైలు బయల్దేరింది ఇప్పటి సీఎస్‌ఎంటీ ఉన్న బోరీబందర్ నుంచే. ఈ ముక్క చెప్పే పని నాన్నకు వదిలేయండి, అయితే అయిదు నిమిషాలకు మించకుండా.

మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి ఎనిమిది దాకా పాపది. "నీకేం కావాలో చెప్పు" అంటే "ఏమో" అంటుంది. అందుకని హద్దులు చెప్పి అప్పజెప్పండి: "ఈ అయిదు గంటలు నువ్వు చెప్పినట్టే నడుస్తాం. తిండికీ తిరుగుడుకూ వెయ్యి రూపాయలు నీ చేతిలో. ఎనిమిదికి గదిలో ఉండాలి." కొలాబా వీధి అంగళ్లలో కమ్మలు కొనుక్కుంటానన్నా, మెరైన్ డ్రైవ్ గోడమీద కూర్చుని ఫోటోలు దిగుతానన్నా సరే అనండి. తప్పు దారి పట్టించినా ఇరవై నిమిషాలు ఊరుకోండి. 'నేను ముందే చెప్పాను కదా' అన్న మాట ఆ అయిదు గంటల్లో ఎవరి నోటా రాకూడదు. ఆమె ఫోటోలు అడక్కుండా మీ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దు కూడా.

మన ఊళ్లో లాగా ఆటో కోసం చూడకండి. బాంద్రా, సయన్ దాటి దక్షిణాన ఆటోలు రావు, నలుపు-పసుపు ట్యాక్సీలే, మీటరు మీద పోతాయి. లోకల్ రైలు ఎక్కాలంటే మధ్యాహ్నం పన్నెండు, నాలుగు మధ్య ఎక్కండి. సాయంత్రం అయిదు దాటాక ఆఫీసుల రద్దీలో పిల్లతో వద్దు. బండి ఆగేది అర నిమిషమే కాబట్టి ముగ్గురికీ ఒక నియమం ముందే ఉండాలి: ఎవరైనా బండిలో ఉండిపోతే తర్వాతి స్టేషన్లో దిగి ప్లాట్‌ఫాం మీదే నిలబడాలి, దిగినవాళ్లు వెనక బండిలో వస్తారు. మీ నంబర్లు కాగితం మీద రాసి పాప జేబులో పెట్టండి. చార్జింగ్ అయిపోయిన ఫోన్లో నంబర్లుండి ఏం లాభం?

ఓడ ఎక్కే రోజు ఊరు చూసే పని పెట్టుకోవద్దు. రైలు ఆలస్యమైతే తిట్టుకుని ఊరుకుంటాం, ఓడ మన కోసం ఆగదు. గది పదింటికే ఖాళీ చేయమంటే సామాను హోటల్లోనే పెట్టమని అడగండి. టెర్మినల్‌లో పెద్ద పెట్టెలకు చీటీలు కట్టి తీసుకుంటారు, అవి క్యాబిన్‌కు చేరేసరికి గంటలు పట్టొచ్చు. మందులు, ఆధార్లు, ప్యాడ్ల సంచి, ఒక జత బట్టలు చేతిసంచిలో ఉండాలి. ఇంట్లో వండినవి చాలా ఓడల్లో రానివ్వరు. నిప్పట్లూ చిత్రాన్నమూ రైల్లోనే పూర్తిచేయండి, ఊరగాయ సీసా మీద ఆశ పెట్టుకోకండి. కడుపులో తిప్పుతుందని అనుమానముంటే మాత్ర ఏదో, ఎప్పుడు వేయాలో ముందే డాక్టరును అడిగి రాయించుకోండి. వాంతులు మొదలయ్యాక మింగితే నిలవదు. ఆ మందుల్లో చాలావాటికి నిద్రమత్తు ఉంటుంది.

ఇంకో గొడవ ఓడలో కాచుకుని ఉంది. తీరం దాటాక ఫోన్ సిగ్నల్ పోతుంది. ఓడ సొంత నెట్‌వర్క్ తగులుకుంటే బిల్లు వాచిపోతుంది కాబట్టి ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టుకోవాలి. ఈ సంగతి పాపకు ఇంట్లోనే చెప్పండి. స్నేహితులకు ముందే చెప్పుకుంటుంది, కావాల్సిన పాటలు దించుకుంటుంది. ఓడెక్కాక తెలిస్తే కోపమంతా మీ మీదికే వస్తుంది.

మీ ఆయనతో పాప ముందర వాదించకండి. విడిగా, "పదకొండూ తిరిగి ముగ్గురం మాట్లాడుకోకుండా ఓడెక్కేకన్నా మూడు చూసి నవ్వుతూ ఎక్కుదాం. మిగతావి తిరిగొచ్చేటప్పుడు చూడొచ్చు" అనండి. ఆ కాగితం చింపొద్దు, మూడు ఏవో ఆయన్నే గీయమనండి. ఆయనకూ తన మాట చెల్లాలనే ఉంటుంది.

ఈ వారంలో చేయాల్సినవి మూడు. పాప ఆధార్‌లో అయిదేళ్లప్పటి ఫోటోనే ఉంటే కేంద్రానికి పోయి మార్పించండి. క్రూయిజ్ బుకింగ్‌లో పేరు, ఇంటిపేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్షరం అక్షరం చూసుకోండి. మనవాళ్ల ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక, మరోచోట పొడి అక్షరంగా ఉంటుంది. తేడా ఉంటే ఇప్పుడే కంపెనీకి రాసి సరిచేయించండి. రైలు టికెట్లు ఇంకా చేయకపోతే దగ్గర్లోని సీఎస్‌ఎంటీకి పోయే బండి చూడండి. కొన్ని బండ్లు కుర్లా దగ్గరి లోకమాన్య తిలక్ టెర్మినస్‌లోనే ఆగిపోతాయి. పన్నెండు నిండాయి కాబట్టి పాపకూ పూర్తి టికెట్టే. ఏ బెర్తు కావాలో మాత్రం ఆమెనే అడగండి.