సెకనుకు 24 బొమ్మలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఈమధ్య కొత్త టీవీ కొన్నాము. ఎన్నోసార్లు చూసిన సినిమానే అందులో చూస్తుంటే, స్టూడియోలో వీడియో కెమెరాతో తీసిన సీరియల్‌లా అనిపిస్తున్నది. బొమ్మ మాత్రం చాలా స్పష్టంగా ఉంది. స్పష్టత పెరిగితే సినిమా మరింత బాగుండాలి కదా, ఇలా ఎందుకు అనిపిస్తుంది?

జవాబు: మీకు కనిపించిన తేడా నిజమైనదే. మీ టీవీ సినిమాలోని కదలికను మారుస్తున్నది. సినిమాను సెకనుకు 24 ఫ్రేములతో, అంటే 24 నిశ్చల బొమ్మలతో తీస్తారు; నేటి టీవీ తెర సెకనుకు 60 సార్లో, 120 సార్లో బొమ్మను మార్చగలదు. ఈ రెంటికీ మధ్య ఉన్న ఖాళీని నింపడానికి టీవీలోని ప్రాసెసర్ ఒకదాని వెంట ఒకటి వచ్చే రెండు ఫ్రేములను పోల్చి, ఆ మధ్యలో మనిషి చెయ్యి ఎక్కడ ఉండి ఉంటుందో లెక్కగట్టి, కెమెరా ఎన్నడూ తీయని ఫ్రేములను తానే తయారుచేసి చొప్పిస్తుంది. లెక్క తప్పినప్పుడు నడిచే మనిషి కాళ్ల చుట్టూ, తిరిగే చక్రం చువ్వల దగ్గర అంచులు కరిగిపోయినట్లు కనిపించడం కూడా మీరు గమనించే ఉంటారు.

అది సీరియల్‌ను గుర్తుకు తేవడానికి మన అలవాటే కారణం. వార్తలు, ఆటలు, స్టూడియో సీరియళ్లు దశాబ్దాలపాటు సెకనుకు 50 లేదా 60 ఫీల్డుల (ఒక్కో ఫీల్డు అంటే బొమ్మలోని సగం గీతలు) వీడియోగా మన ఇళ్లకు చేరాయి, సినిమా మాత్రం 24 దగ్గరే ఉండిపోయింది. రెంటినీ చూస్తూ పెరిగిన కళ్లకు నున్నని కదలిక అంటే స్టూడియో, ప్రత్యక్ష ప్రసారం అనే గుర్తు స్థిరపడింది. ఇంగ్లీషులో దీన్ని సోప్ ఒపేరా ఎఫెక్ట్ అని పిలుస్తారు.

టీవీ పిక్చర్ సెట్టింగులలో మోషన్ అన్న మాట ఉన్న ఐచ్ఛికాన్ని వెతికి ఆపివేయండి. కంపెనీని బట్టి పేరు మారుతుంది. 2018లో నటుడు టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్‌క్వారీ ఇదే విషయమై ప్రేక్షకులకు ఒక వీడియోలో విజ్ఞప్తి చేశారు. మరుసటి ఏడాది ప్రకటించిన ఫిల్మ్‌మేకర్ మోడ్ అనే సెట్టింగు మీ టీవీలో ఉంటే, దాన్ని ఎంచుకున్నా ఈ పని జరిగిపోతుంది. దర్శకుడు కోరని కదలికను టీవీ తనంతట తాను చేర్చడం సినిమాకు అన్యాయమని నా నమ్మకం. అయితే ప్రకాశవంతమైన తెరల మీద 24 ఫ్రేముల కుదుపు ఎక్కువగా కనిపిస్తుంది కనుక, అది మరీ ఇబ్బంది పెడితే ఆ సెట్టింగును అతి తక్కువ స్థాయిలో ఉంచుకోవచ్చు.

ప్రశ్న: 24 అనే లెక్క అసలు ఎలా వచ్చింది? దాన్ని 48కో, 120కో పెంచితే తెర మీద ఏమి మారుతుంది?

జవాబు: మూకీల కాలంలో చాలా కెమెరాలను చేత్తో తిప్పేవారు, సెకనుకు 16 ఫ్రేముల నుంచి 20కి పైగా, తిప్పే చేతిని బట్టి వేగం మారేది. 1920ల చివర శబ్దం కూడా ఫిల్మ్ అంచు మీదికి చేరాక, వేగం కాస్త తగ్గినా పెరిగినా గొంతు మారిపోతుంది కనుక స్థిరమైన వేగం తప్పనిసరి అయింది. మరీ నెమ్మదిగా నడిపితే ధ్వని నాణ్యత చాలదు, వేగంగా నడిపితే ఫిల్మ్ ఖర్చు పెరుగుతుంది. 24 దగ్గర ఆ రెండూ సరిపడ్డాయి. అప్పుడు 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. ఇంత తక్కువ ఫ్రేములతో వెలుగు మిణుకుమనకుండా, ప్రొజెక్టర్‌లో వెలుగును వదిలి ఆపే షట్టర్ ఒక్కో ఫ్రేమును రెండు లేదా మూడు సార్లు తెర మీద వెలిగించేది. అంటే మనం చూసింది సెకనుకు 24 బొమ్మలే అయినా, వెలుగు మాత్రం 48 సార్లో, 72 సార్లో పడేది.

సినిమా తనం ఎక్కువగా కెమెరాలోని షట్టర్ దగ్గరే పుడుతుంది. 24 ఫ్రేముల్లో షట్టర్ సాధారణంగా ఒక్కో ఫ్రేము కాలంలో సగం సేపు, అంటే సెకనులో 48వ వంతు తెరిచి ఉంటుంది. ఆ వ్యవధిలో ఊగిన చెయ్యి ఫ్రేములో ఒక మసక చారగా పడుతుంది. మిగతా సగంలో జరిగినది ఎక్కడా నమోదు కాదు. ఆ మసకనూ ఆ లోటునూ కలిపి చూడడం మనకు అలవాటైంది. 120 ఫ్రేముల్లో అదే పద్ధతిన తీస్తే ఒక్కో ఫ్రేముకు దక్కేది సెకనులో 240వ వంతే. మసక దాదాపు పోతుంది, లోటూ తగ్గుతుంది, కదలిక మన ఎదుటే జరుగుతున్నట్లు ఉంటుంది. 24లో కెమెరాను పక్కకు వేగంగా తిప్పితే దృశ్యం కుదుపులతో నడుస్తుంది. అందుకే ఛాయాగ్రాహకులు ఆ పనిని నెమ్మదిగా చేస్తారు. ఎక్కువ ఫ్రేములుంటే ఆ జాగ్రత్త అంతగా అక్కరలేదు.

చాలామంది ఫ్రేముల సంఖ్యనూ షట్టర్ కాలాన్నీ ఒకటిగా భావిస్తారు గాని, రెంటినీ విడివిడిగా మార్చవచ్చు. 1998 నాటి సేవింగ్ ప్రైవేట్ ర్యాన్ సినిమా యుద్ధ సన్నివేశాల్లో ఫ్రేములు 24 దగ్గరే ఉంచి షట్టర్‌ను బాగా కుదించారు. ఎగిరిన మట్టి పెళ్లలు కూడా విడివిడిగా, గరుకుగా కనిపించడానికి అదే కారణం. 2012లో దర్శకుడు పీటర్ జాక్సన్ ది హాబిట్ సినిమా మొదటి భాగాన్ని 48 ఫ్రేములతో తీసినప్పుడు అందుకు వ్యతిరేకంగా షట్టర్‌ను ఎక్కువ సేపు, సెకనులో 64వ వంతు తెరిచి, పాత మసకకు దగ్గరగా తేవడానికి ప్రయత్నించారు. అయినా చాలామంది ప్రేక్షకులకు సెట్లు సెట్లలాగే, మేకప్ మేకప్‌లాగే కనిపించాయి. మసకను కొంత తిరిగి తెచ్చినంత మాత్రాన పాత అనుభూతి రాదని, ఫ్రేముల సంఖ్యకే ఒక ప్రభావం ఉందని నేను దీన్నిబట్టి అనుకుంటున్నాను.

ఇందులో 24 గొప్పతనం కంటే, దాని చుట్టూ అల్లుకున్న పనితనం పాత్రే ఎక్కువ. మేకప్, సెట్లు, దీపాల అమరిక, చివరకు నటన మోతాదు కూడా దాదాపు ఒక శతాబ్దంగా ఆ సంఖ్యకే అలవాటుపడ్డాయి. 2016లో, మళ్లీ 2019లో 120 ఫ్రేములతో సినిమాలు తీసిన దర్శకుడు ఆంగ్ లీ ఇదంతా కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. వెలుగు సంగతే తీసుకోండి: సెకనులో 48వ వంతుకు బదులు 240వ వంతే షట్టర్ తెరిస్తే, అదే లెన్సుకు అయిదు రెట్లు వెలుగు కావాలి.

ప్రశ్న: ఫోన్‌లో 120 ఫ్రేములతో తీస్తే స్లో మోషన్ వస్తుంది. మరి 120 ఫ్రేముల సినిమా ఎందుకు నెమ్మదించదు?

జవాబు: తీసిన వేగానికీ చూపే వేగానికీ తేడా ఉంటేనే కాలం సాగుతుంది. 120తో తీసి 24తో చూపితే కదలిక అయిదు రెట్లు నెమ్మదిస్తుంది. 120తోనే చూపితే మామూలుగా నడుస్తుంది.

ప్రశ్న: రాబోయే రోజుల్లో సినిమాలన్నీ ఎక్కువ ఫ్రేములకే మారతాయా?

జవాబు: ఇలాంటి ప్రయత్నాలు పాతవే. 1955లోనే ఓక్లహోమా అనే సినిమాను టాడ్-ఏఓ అనే పద్ధతిలో 30 ఫ్రేములతో తీశారు; తరువాత డగ్లస్ ట్రంబుల్ 70 మిల్లీమీటర్ల ఫిల్మ్ మీద 60 ఫ్రేములతో షోస్కాన్ అనే పద్ధతిని రూపొందించారు. ఏదీ ప్రమాణంగా నిలవలేదు. త్రీడీకి మాత్రం ఎక్కువ ఫ్రేములు నిజంగా మేలు చేస్తాయి, ఎందుకంటే కుదుపు వచ్చినప్పుడు రెండు కళ్ల బొమ్మలను కలుపుకోవడం మెదడుకు కష్టమవుతుంది. 2022లో జేమ్స్ కామెరాన్ రెండవ అవతార్‌ను త్రీడీలోనే, నీటి అడుగు దృశ్యాల వంటి వాటిని 48 ఫ్రేములతో, మాటలు నడిచే చోట్లను ఒక్కో ఫ్రేమును రెండుసార్లు చూపి 24 రూపంతో అందించారు. దృశ్యాన్ని బట్టి ఎంచుకునే ఈ పద్ధతే సరైనదని నాకు అనిపిస్తుంది. కాని ఒకే సన్నివేశంలో ఒక షాట్ 48లో, వెంటనే మరొకటి 24లో వస్తే ఆ మార్పు కంటికి తగులుతుంది, దాన్ని ఎడిటింగ్ బల్ల మీదనే ముందుగా ఆలోచించుకోవాలి.