పీజీ గదిలో దెయ్యం సినిమా తీసే మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి, ఆశీస్సులు.

బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో పీజీ హాస్టల్లో ఉండే నలుగురు కుర్రాళ్ల వెంటపడే దెయ్యం మీద పది నిమిషాల సినిమా అన్నావు. కథ చదివాను. నీ దెయ్యం గోడలోంచి వస్తుంది, ఫోన్లోంచి వస్తుంది, కలలోకీ వస్తుంది. అన్నీ చేయగలిగిన దెయ్యానికి ఎవరూ భయపడరురా. ఎక్కడ జాగ్రత్తపడాలో చూసేవాడికి తెలిస్తేనే గుండె దడ.

ముందు దాని కట్టుబాటు ఒక్క వాక్యంలో రాయి. 1990ల్లో బెంగళూరు ఇళ్ల తలుపుల మీద ‘నాళె బా’ (కన్నడంలో ‘రేపు రా’) అనీ, మన ఊళ్లలో ‘ఓ స్త్రీ రేపు రా’ అనీ రాసుకున్నారు కదా. ఆ కథలో దెయ్యం అయినవాళ్ల గొంతుతో పిలుస్తుంది, తలుపు తీస్తే ప్రాణం పోతుంది, రాత చూస్తే వెనక్కి పోతుంది. అంతే. ఇదే పీజీలో పెట్టి చూడు: కుర్రాడు కర్నూల్లో ఉన్న అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటాడు, అదే గొంతు బయటి నుంచి ‘తలుపు తియ్యి నాన్నా’ అంటుంది. మేకప్ ఖర్చు కూడా లేదు.

ఆ గొంతును ఎడిటింగ్‌లో బొంగురు చేసి ప్రతిధ్వని కలపొద్దు. నటిని నిజంగానే బయట నిలబెట్టి, తలుపు మూసి, మైకు గది లోపల పెట్టు. చెక్క పదునైన ధ్వనుల్ని మింగేస్తుంది. మాట తెలుస్తూనే కాస్త మొద్దుబారుతుంది. కావాల్సింది అదే.

డైలాగులు తీసేటప్పుడు ఫ్యాను, ఫ్రిజ్ ఆపెయ్. బెంగళూరు కాబట్టి సరిపోయింది, చెన్నైలో అయితే చెమటలు కారిపోయేవి. ఫ్యాను హోరు ఒక నిమిషం, ఖాళీ గది నిశ్శబ్దం ఒక నిమిషం విడిగా రికార్డు చేసుకో. లేకపోతే షాటు మారిన ప్రతిసారీ అతుకు వినిపిస్తుంది. హోరు విడిగా ఉంటే, దెయ్యం వచ్చే ముందు ఫ్యాను శబ్దాన్ని మెల్లగా దించి ఆపెయ్యొచ్చు. ఉలిక్కిపడేలా చేసే పెద్ద మోత సినిమా మొత్తానికి ఒక్కసారి చాలు. 100 హెర్ట్జ్ కింద మోగే గుంయ్‌కారం ఫోన్ స్పీకర్లో దాదాపు వినపడదు, దాని మీద గొళ్లెం గీసుకునే చప్పుడు కలుపు.

మన కరెంటు 50 హెర్ట్జ్. పాత ట్యూబులైటు వెలుగు సెకనుకు 100 సార్లు ఎగసి తగ్గుతుంది. ఫోన్ కెమెరాను ప్రో మోడ్‌లో (సెట్టింగులు మనమే పెట్టుకునేది) పెట్టి సెకనుకు ఫ్రేములు 25, షట్టర్ 1/50 సెకను దగ్గర ఆపు, రంగు మారకుండా వైట్ బ్యాలెన్స్ లాక్ చెయ్యి. ఆటోలో వదిలితే తెరమీద చారలు పాకుతాయి. చవక ఎల్ఈడీ బల్బులూ అలా మినుకుతాయేమో ముందే పరీక్షించు.

చీకటి సీను చీకట్లో తియ్యకు. ఐఎస్ఓ (కెమెరా వెలుగును పట్టే సున్నితత్వం) పెరిగి నల్లటి చోటంతా రవ్వరవ్వగా కదులుతుంది. కిటికీ బయట ఒక లైటు, లోపల పక్కనుంచి 9 వాట్ల బల్బు; ముఖం సగమే వెలగాలి. పీజీల తెల్లగోడలు వెలుగును తిరగ్గొడతాయి కాబట్టి నల్ల దుప్పట్లు వేలాడదియ్యి. మిగతా చీకటి కలర్ కరెక్షన్‌లో దించుకో. మూసిన తలుపు షాటు నీకు విసుగొచ్చాక ఇంకో నాలుగు సెకన్లు ఉంచు.

ఓనరు దగ్గర అనుమతి కాగితం మీద తీసుకో. కేకలు మాత్రం రాత్రి పీజీలో వద్దు, పగలే అద్దాలెత్తిన కారులో రికార్డు చెయ్యండి.

ఎడిటింగ్ అయ్యాక ఎవరిదైనా పాత ఫోన్లో, వెలుగు సగానికి తగ్గించి చూడు. అందులో కుర్రాడి కళ్లు కనిపించకపోతే చీకటి కాస్త ఎత్తి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చెయ్యి.

మీ మావయ్య