పొలంలో తవ్వకాలు కూడా ఒక కెరీరేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ జియాలజీ ఫైనలియర్. బ్రిటన్‌లో ఇళ్లు కట్టేముందు పొలాల్లో పురావస్తు తవ్వకాలు చేస్తారట, తనూ ఆ పనే చేస్తానంటోంది. అక్కడ ఏడాది ఎమ్మెస్సీ సీటుకు అడ్వాన్స్ కట్టమని ఏజెంట్ తొందరపెడుతున్నాడు. ఎంబీఏ చేయమన్నానని నాతో మాట్లాడటం మానేసింది. మట్టి తవ్వుకునే పనికి భవిష్యత్తు ఉంటుందా? చదివిస్తే అక్కడా, ఇక్కడా? – ఒక తండ్రి

జవాబు: అక్కడా ఇక్కడా అన్నది మీరు పైకి అడిగిన ప్రశ్న. నలుగురిలో 'మా అమ్మాయి మట్టి తవ్వుతోంది' అని ఎలా చెప్పుకోవాలన్నది లోపలి ప్రశ్న. ఈ రెండోది నాకు కొత్త కాదు. కోర్సు పేరు మారుతుందంతే. అందుకే ముందు దాని సంగతే చూద్దాం.

జియాలజీలో చేర్పించినప్పుడు రాళ్లూ మట్టీ కాక ఇంకేం చెబుతారనుకున్నారు? మూడేళ్లుగా ఆ పిల్ల నేర్చుకుంటున్నదే నేల పొరలను చదవడం. ఇప్పుడు ఆ విద్యతోనే బతుకుతానంటే టెన్షన్ పడి ఎంబీఏ అంటున్నారు. ఎంబీఏ మీద తనకు ఆసక్తి ఉందో లేదో అడిగినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఇక ఆ పనేమిటో చూడండి. ఇంగ్లండ్‌లో 1990లో పీపీజీ 16 అనే ప్రణాళికా మార్గదర్శకం వచ్చాక ఈ పద్ధతి స్థిరపడింది. నేల కింద పాత అవశేషాలు ఉండే అవకాశముంటే, ఇళ్లు లేవకముందే వాటి సంగతి తేల్చాలి, ఆ ఖర్చు బిల్డర్ పెట్టుకోవాలి. ముందు పాత మ్యాపులు, రికార్డులు చూస్తారు. తర్వాత మాగ్నెటోమీటర్‌తో పొలమంతా నడిచి నేలలోని అయస్కాంత తేడాలు నమోదు చేస్తారు. ఆపైన అక్కడక్కడా ట్రెంచ్‌లు తీస్తారు.

అసలు పని అక్కడ మొదలవుతుంది. పళ్లు లేని బకెట్ తగిలించిన యంత్రం పైమట్టిని పలచగా గీస్తూ పోతుంటే, పక్కనే నడుస్తూ నేల మీంచి చూపు తిప్పకుండా ఉండాలి. పసుపు మట్టిలో నల్లటి చార కనిపిస్తే ఆపించాలి. అది రెండు వేల ఏళ్ల కిందటి కాలవ కావచ్చు, మొన్నమొన్నటి పైపులైనూ కావచ్చు. తాపీతో శుభ్రం చేసి, అడ్డంగా కోసి, పొరపొరకూ నంబరిచ్చి, బొమ్మ గీసి, ఫొటో తీయాలి. కొంత మట్టిని బకెట్లకెత్తి పంపిస్తే, దాన్ని నీళ్లలో కలిపి పైకి తేలిన మాడిన గింజలను బట్టి అప్పుడు అక్కడేం పండించారో చెబుతారు. చాలా ట్రెంచ్‌లలో ఏమీ దొరకదు. ఏమీ దొరకలేదని కూడా రిపోర్టు రాయాలి. చలి, వాన, బురద సరేసరి. మీ అమ్మాయి ఈ పని వీడియోల్లో చూసిందా, ఒక్క రోజైనా చేసి చూసిందా? ముందు అది కనుక్కోండి.

బ్రిటన్ ఎమ్మెస్సీ మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. ఏడాది కోర్సులో ఎక్కువ భాగం క్లాసులకీ డిసర్టేషన్‌కీ పోతుంది. తవ్వకం చేతికి రావాలంటే నెలల తరబడి సైట్లో ఉండాలి. ఆ అనుభవం లేకుండా పట్టా ఒక్కటే చూపిస్తే కంపెనీలు పెద్దగా పట్టించుకోవు. పైగా కొత్తగా చేరినవారి జీతాలు అక్కడ తక్కువ. 2025 జూలై నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకు సాధారణ కనీస జీతం ఏడాదికి 41,700 పౌండ్లు. మినహాయింపులు ఉన్నా, ఫీల్డ్‌లో కొత్తగా చేరినవారికి అంత ఇచ్చే కంపెనీని ఏజెంట్‌నే చూపించమనండి. ఇంకో మాట, ఈ ఉద్యోగాలు ఇళ్ల నిర్మాణంతో ముడిపడినవి. 2008 మాంద్యంలో కట్టడాలు ఆగిపోగానే అక్కడ పురావస్తు ఉద్యోగాలూ ఊడాయి. 'డిమాండ్ ఉంది' అని చెప్పేవాళ్లు ఈ ముక్క చెప్పరు.

మన దగ్గర పరిస్థితి వేరు. రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం అని 2010లో సవరించిన చట్టం చెబుతోంది. మామూలు సాగుభూమి వెంచర్‌గా మారేముందు తవ్వి చూడాలన్న నిబంధన లేదు. కాబట్టి బ్రిటన్ తరహా ప్రైవేటు ఉద్యోగాలూ దాదాపు లేనట్టే. అయితే ముంపు ముందు తవ్వడం మనకు తెలియని విద్య కాదు. సాగర్ నీళ్లు రాకముందు, 1954 నుంచి 1960 దాకా, నాగార్జునకొండ లోయను తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదా అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. చదువుకు పుణెలో డెక్కన్ కాలేజీ ఉంది. పీజీ తర్వాత గ్రేటర్ నోయిడాలో పురావస్తు సర్వే వారి ఇన్‌స్టిట్యూట్‌లో రెండేళ్ల డిప్లొమా ఉంది. సీట్లు తక్కువ, సర్కారీ నోటిఫికేషన్ల కోసం ఓపిగ్గా ఎదురుచూడాలి.

పోలిక ఇంతే, ఇంకా లోతుకు పోను. ఎందుకంటే, మీరు భయపడుతున్నంత ప్రమాదం ఇందులో లేదు. ఇక్కడ పీజీ చేస్తూ సర్వే, జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు, స్థల వివరాలు కలిపి చూసే పద్ధతి), రిపోర్టు రాయడం నేర్చుకుంటే, పురావస్తు శాఖలో అవకాశం రాకపోయినా మ్యాపింగ్, భూగర్భజలాలు, పర్యావరణ సర్వేల వైపు వెళ్లొచ్చు. జియాలజీ ఎటూ చేతిలోనే ఉంటుంది. రెండేళ్ల తర్వాత కూడా ఇదే కావాలంటే, అప్పుడు సైట్ అనుభవంతో బ్రిటన్‌కి దరఖాస్తు చేసుకుంటుంది. ఇప్పుడు వెళ్లడం కన్నా అదే మేలు.

ఈ సెలవుల్లో ఏదైనా యూనివర్సిటీ తవ్వకంలో వాలంటీర్‌గా తీసుకుంటారేమో అమ్మాయినే కనుక్కోమనండి. దొరికితే కొన్ని వారాలు పంపండి, వీలైతే మీరూ ఒకసారి వెళ్లి చూడండి. ఏజెంట్‌కి అడ్వాన్స్ మాత్రం అప్పటిదాకా కట్టకండి.